కొర్రగింజకు మట్టిచొక్కా



మీ ఇంటి నేలమీద నున్నని నాపరాళ్ళు పరిచి ఉంటే, అవి ఏ ఊరినుంచి వచ్చాయో మీ నాన్నగారిని అడిగి చూడండి. "బేతంచెర్ల బండలు" అని ఆయన చెప్పినా చెప్పవచ్చు. మా ఊరు ఆ బండలకు పేరుపడింది. 2022వ సంవత్సరం దాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నది. ఊరిచుట్టూ రాతి గనులు, బండలు కోసి పాలిషు పట్టే ఫ్యాక్టరీలు, వాటిని దాటితే మెట్టచేలు. వాన తక్కువ. కొర్ర, జొన్న, సజ్జ, కంది, వేరుసెనగ మా పంటలు.

నేను ఈ ప్రాంతంలోనే చాలా ఏళ్ళు బడిపంతులుగా, తరువాత ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఇవాళ మీకు ఒక కొర్రగింజ సంగతీ, దానికి మట్టిచొక్కా తొడిగిన ఒక మనిషి సంగతీ చెప్తాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. అది కూడా దాచకుండా చెప్తాను.

పాతికేళ్ళ క్రితం నా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. అతని అసలు పేరు ఇక్కడ వ్రాయను. వీధిలో అందరూ "చిన్నోడా" అని పిలిచేవారు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. అక్షరాలు గుర్తుండేవి కావు. నేను ఒక సంవత్సరం ప్రయత్నించి, ఫలితం లేదనుకుని, అతన్ని వెనక బల్లమీద కూర్చోబెట్టాను. "అల్లరి చేయడు, పోనీలే" అనుకున్నాను. అతను అక్కడ కూర్చుని, ఎక్కడెక్కడివో నాపరాతి పెంకులు ఏరి తెచ్చుకుని, చిన్నది, దానికంటే పెద్దది, ఇంకా పెద్దది, ఇలా వరుసగా పేర్చేవాడు. ఒక్క పెంకు కూడా వరుస తప్పేది కాదు. నేనది రోజూ చూశాను. కాని అది కూడా ఒక తెలివే అని నాకు తోచలేదు. ఇదీ నా తప్పు.

ఇప్పుడతనికి ముప్పయి నాలుగేళ్ళు. అయినా వీధిలో అతను "చిన్నోడు"గానే ఉండిపోయాడు. పొద్దున లేచి అరుగుమీద కూర్చోవడం, రాత్రికి లేచి లోపలికి పోవడం, అంతే అతని దినచర్య. రెండేళ్ళ క్రితం వాళ్ళ అమ్మ నా దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న వేసింది.

"నేను కన్ను మూసినంక వీడు యాడుండల్ల ఐవారూ? వీన్ని ఎవరు చూస్తారు?"

ఎన్నో పరీక్షలకు ప్రశ్నపత్రాలు తయారుచేసిన నేను ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుకుతూ నేను చదివినవీ, తెలుసుకున్నవీ మీకు చెప్తాను.

ముందుగా, ఈ స్థితిని ఏమంటారు? పూర్వం దీనికి ఎన్నో మోటు పేర్లుండేవి. వాటిని తిట్లుగా కూడా వాడేవారు. ఇప్పుడు "మేధోవైకల్యం" అంటున్నాము. అంటే నేర్చుకోవడం, లెక్కించడం, తన పనులు తాను చక్కబెట్టుకోవడం, వీటిలో చిన్ననాటినుంచే కష్టం ఉండడం. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి శాపమూ కాదు, ఎవరి పాపమూ కాదు.

కారణాలు అనేకం. మన శరీర కణాలలో సాధారణంగా 46 క్రోమోజోములుంటాయి. ఇవి జంటలు జంటలుగా ఉంటాయి. కొందరిలో 21వ జంటలో రెండుకు బదులు మూడు వచ్చి చేరుతాయి. అప్పుడు మొత్తం 47 అవుతాయి. దీనినే డౌన్ సిండ్రోము అంటారు. 1866లో దీని లక్షణాలను వర్ణించిన వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్. కారణం మాత్రం 1959లో గాని లోకానికి తెలియలేదు. ఆ సంగతి ప్రకటించినది ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జెరోమ్ లెజ్యూన్, ఆయన సహచరులు. ఇంకా కొందరికి పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు చాలకపోవడం వల్ల, కొందరికి మెదడువాపు జ్వరం వల్ల, కొందరికి తల్లి ఆహారంలో అయొడిను లోపించడం వల్ల ఈ స్థితి వస్తుంది. మేనరికపు పెళ్ళిళ్ళలో కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ మాట మీ పెద్దలకు వినిపించండి. పుట్టుకతోనే థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయని పసిబిడ్డను కొద్దిరోజులలోనే రక్తపరీక్షతో కనిపెట్టి మందు మొదలుపెడితే, మెదడుకు హాని కలగకుండా చాలావరకు కాపాడవచ్చు.

ఇప్పుడొక చిన్న లెక్క చేయండి. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం నిర్ణీత స్థాయిలో ఉన్న పిల్లలకు 6 ఏళ్ళనుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువు చెప్పాలన్నది. దానికోసం మండలాలలో భవిత కేంద్రాలు కూడా ఉన్నాయి. సరే, 18 తరువాత? ఒక మనిషి 60 ఏళ్ళు బ్రతికితే, 60లోంచి 18 తీసివేయండి. 42 ఏళ్ళు! బడి 12 ఏళ్ళు, అరుగు 42 ఏళ్ళు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలైలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెంచింది. ఎంతో మేలు. కాని పింఛనుతో బియ్యం కొనవచ్చు గాని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేసేందుకు పని కొనలేము కదా!

ఈ 42 ఏళ్ళ గురించి ముందుగా గట్టిగా ఆలోచించినవారిలో కార్ల్ కోనిగ్ అనే పిల్లల వైద్యుడు ఒకడు. ఆయనది వియన్నా నగరం, పుట్టినది 1902లో. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించగా, యూదుల కుటుంబంలో పుట్టిన ఆయన దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. స్కాట్లండుకు చేరి, అబర్డీన్ పట్టణం దగ్గర, 1940లో క్యాంప్‌హిల్ అనే చోట మేధోవైకల్యం ఉన్న పిల్లలకు నివాసమూ, బడీ ఏర్పాటు చేశాడు. సరిగ్గా ఆ రోజులలోనే నాజీలు తమ దేశంలో అటువంటి పిల్లలనూ పెద్దలనూ "పనికిరానివారు" అని చంపిస్తున్నారు. ఒకచోట చంపుతున్నారు, మరొకచోట అన్నం పెట్టి చదువు చెప్తున్నారు. చూశారా బాలలూ, ఒకే కాలంలో మనుషులు రెండు దారులలో ఎలా నడుస్తారో!

క్యాంప్‌హిల్ పిల్లలు పెద్దవారయ్యారు. మరి వారెక్కడికి పోవాలి? మా వీధి తల్లి అడిగిన ప్రశ్నే! దానికి జవాబుగా 1955లో ఇంగ్లండులోని యార్క్‌షైరు కొండలలో బాటన్ అనే పల్లెను ఏర్పాటు చేశారు. అక్కడ వైకల్యం ఉన్న పెద్దలూ, లేని కుటుంబాలూ ఒకే ఇళ్ళలో కలిసి నివసించారు. పొలాలు దున్నారు. ఆవులను మేపారు. రొట్టెలు కాల్చారు, జున్ను చేశారు. సాయంత్రాలు పాటలూ నాటకాలూ నడిపారు. ఎవరూ రోగులు కారు, అందరూ ఆ ఊరి మనుషులే. ఆ పద్ధతి తరువాత అనేక దేశాలకు పాకింది. మన పక్కనే ఉన్న బెంగుళూరులో కూడా అటువంటి సముదాయం ఒకటి ఏర్పడింది.

కళ సంగతి కూడా చెప్పాలి. ఇందాక చెప్పిన డౌన్ వైద్యుడు 1868లో లండను సమీపాన నార్మన్స్‌ఫీల్డ్ అనే నివాసం స్థాపించాడు. 1879లో అక్కడొక నాటకశాల కట్టించాడు. మేధోవైకల్యం ఉన్నవారికి నాటకం, పాట అవసరమని ఆయన ఆ రోజులలోనే గ్రహించాడన్నమాట.

ఇక అమెరికాలో జూడిత్ స్కాట్ అనే ఆమె ఉండేది. 1943లో పుట్టింది. ఆమెకు ఒక కవల సోదరి, జాయిస్. జూడిత్‌కు డౌన్ సిండ్రోము. చెవులు కూడా వినిపించవు. కాని చెవులు వినపడవన్న సంగతి చాలాకాలం ఎవరూ కనిపెట్టలేదు. మాట వినడం లేదు కాబట్టి బుద్ధి లేదనుకున్నారు. ఏడేళ్ళ వయసులో సోదరినుంచి విడదీసి ఒక ఆశ్రమంలో పెట్టారు. ముప్పయి అయిదేళ్ళు అటువంటి ఆశ్రమాలలోనే గడిచిపోయాయి. చివరకు జాయిస్ తానే సంరక్షకురాలై జూడిత్‌ను కాలిఫోర్నియాకు తెచ్చుకుని, 1987లో ఓక్లండులోని ఒక కళాశాలలో చేర్పించింది. 1974లో వైకల్యం ఉన్న పెద్దలకోసమే పెట్టిన చోటు అది. పేరు క్రియేటివ్ గ్రోత్.

జూడిత్ మొదట బొమ్మలు వేయడంలో ఆసక్తి చూపలేదు. ఒకరోజు నూలుతో పనిచేసే తరగతిలో కూర్చున్నది. పుల్లలు తీసుకుని, రంగురంగుల నూలు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టీ చుట్టీ, ముడివేసి, వారాల తరబడి చుట్టి, మనిషంత పెద్ద ఆకారాలను చేసింది. 2005లో చనిపోయేవరకు చేస్తూనే ఉన్నది. ఆమె చేసినవి నేడు పెద్దపెద్ద కళాప్రదర్శనశాలలలో ఉన్నాయి. ఆమెకు నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎవరూ చేతికి ఒక నూలుండ ఇవ్వలేదు! ఆ సంగతి చదివినప్పుడు నాకు మా వెనకబల్లా, నాపరాతి పెంకులూ గుర్తుకు వచ్చాయి.

మన తెలుగుదేశంలో ఈ పని జరగలేదా? జరిగింది. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. సికింద్రాబాదులో 1984లో జాతీయ సంస్థ ఏర్పడింది. 2016లో దాని పేరు మార్చి, మేధోవైకల్యం ఉన్నవారి సాధికారతకు జాతీయ సంస్థ అన్నారు. ప్రత్యేక ఉపాధ్యాయులకు అక్కడ శిక్షణ ఇస్తారు. మన రాయలసీమలో, అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ దంపతులు 1969లో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మేధోవైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నెలకొల్పింది. వైకల్యం ఉన్న స్త్రీలు హస్తకళలతో సంపాదించుకునేందుకు పనిశాలలు పెట్టింది. కరువుసీమలో సాధ్యం కాదని ఎవరూ అనడానికి వీలులేదు.

ఇంత చదివి, నేను నా ఇంటిముందు అరుగునే చూస్తూ కూర్చోవడం తగదనిపించింది. మా వీధిలోనూ పక్కవీధిలోనూ కలిపి నలుగురు పెద్దవాళ్ళున్నారు. వారి ఇళ్ళవారితో మాట్లాడి, మా పెరటి వెనుకనున్న పది సెంట్ల మెట్టలో వారానికి మూడు ఉదయాలు పని మొదలుపెట్టాము.

ఇప్పుడు మట్టిచొక్కా సంగతి. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు, వానలు రాకముందే, పొడినేలలోనే రకరకాల గింజలు కలిపి చల్లుతారు. ఉత్తగింజలు చల్లితే చీమలు మోసుకుపోతాయి, పిట్టలు తింటాయి, ఎండకు చెడిపోతాయి. అందుకని గింజచుట్టూ మట్టి, పేడ ఎరువు, బూడిద పొరలు పొరలుగా పట్టిస్తారు. ఆ చొక్కాలోపల గింజ నిద్రపోతూ ఉంటుంది. చాలినంత తడి తగలగానే మేలుకుని మొలకెత్తుతుంది.

మొదటిరోజు నేను చిన్నోడికి ఒకే ఊపున చెప్పాను: "ఈ గింజలు పోసి, ఇవి తడిపి, మట్టి చల్లి, దొర్లించి, ఎరువు వేసి, బూడిద చల్లి, ఆరబెట్టు." అతను నీళ్ళడబ్బా మొత్తం కుమ్మరించాడు. గింజలన్నీ ముద్దయ్యాయి. నేను "అయ్యో!" అని గట్టిగా అన్నాను. అతను రెండు చెవులూ మూసుకుని వెళ్ళిపోయాడు. "ఇతనివల్ల కాదు" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పాతికేళ్ళ క్రితం అన్న మాటే!

అక్కడ ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఒక యువ ఉపాధ్యాయిని ఉన్నది. ఆమె మెల్లగా, "సార్, తప్పు ఆయనది కాదు, మన పాఠానిది" అన్నది. నాకు సిగ్గువేసింది. ఆమె చెప్పిన పద్ధతి ఇది. పనిని మెట్లుగా విడగొట్టాలి. మేము ఏడు మెట్లు చేశాము. గోనెపట్టా పరచడం, ఒక డబ్బాడు గింజలు పోయడం, జీవామృతం చిలకరించడం, మెత్తని బంకమట్టిపొడి చల్లి దొర్లించడం, ఎరువుపొడి చల్లి దొర్లించడం, బూడిద చల్లి దొర్లించడం, నీడలో ఆరబెట్టడం. ఏడు నాపరాతి ముక్కలమీద ఏడు బొమ్మలు సుద్దతో వేసి వరుసగా పెట్టాము.

తమాషా ఏమిటంటే, మొదటి మెట్టునుంచి కాక చివరి మెట్టునుంచి నేర్పాలి! ఆరు మెట్లు మేము చేసి, ఆఖరిది, అంటే నీడలో ఆరబెట్టడం మాత్రం అతనికి వదిలాము. ఎందుకో తెలుసునా? పని పూర్తయిన సంతోషం మొదటిరోజే అతని చేతికి దక్కుతుంది. అది కుదిరాక ఆరవ మెట్టూ, తరువాత అయిదవ మెట్టూ అతనిదే. ఇలా వెనుకనుంచి ముందుకు వచ్చాము. నీళ్ళకోసం పెద్ద డబ్బా తీసివేసి, మూతికి సన్నని బెజ్జాలున్న చిన్న సీసా ఇచ్చాము. పనిముట్టు మారగానే పొరపాటు కూడా పోయింది. నాలుగు వారాలయేసరికి అతను ఏడు మెట్లూ తానే చేశాడు. పైగా నేనెన్నడూ చెప్పని పని ఒకటి చేశాడు. తయారైన ఉండలను సైజులవారీగా వేరుచేసి పేర్చాడు. పెద్దవి కంది, చిన్నవి కొర్ర. ఆనాటి పెంకుల వరుసే!

మే నెలలో ఆ ఉండలను చల్లాము. తొలకరి పడింది. వాన వెలిసిన నాలుగోరోజు తెల్లవారకముందే ఎవరో మా తలుపు తట్టారు. చూస్తే అతనే. మాట ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుని చేనుదాకా లాక్కుపోయాడు. నేలమీద పచ్చని సూదుల్లాగా కొర్రమొలకలు లేచి ఉన్నాయి. అతను వంగి వాటిని చూపిస్తూ, "నేనే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

శనివారం సాయంత్రం చెక్కభజన, కోలాటం. అడుగు తప్పినా ఎవరూ ఆపరు. ఒక అమ్మాయి మాట్లాడదు గాని, మిగిలిపోయిన నాపరాతి ముక్కలమీద రంగులతో చుక్కలు పెడుతుంది. రోజూ అవే చుక్కలు, అదే వరుస. ఆమె జూడిత్ అంతటిది కానవసరం లేదు. తనకిష్టమైన పని ఆమెకు దొరికింది, చాలు.

పెద్దలు ఇటువంటిది మొదలుపెడితే కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోవాలి. వీరిలో కొందరికి మూర్ఛలు వస్తాయి. కాబట్టి బావిదగ్గర, నీటితొట్టి దగ్గర ఒంటరిగా వదలరాదు. డౌన్ సిండ్రోము ఉన్నవారికి గుండె, థైరాయిడు పరీక్షలు చేయించాలి. పురుగుమందు ముట్టనివ్వరాదు. మధ్యాహ్నపు ఎండలో పని వద్దు. ఇష్టం లేనిరోజు బలవంతం వద్దు. పంట అమ్మితే వచ్చిన డబ్బు వారి పేరుతో బ్యాంకులో వేయాలి. పని నేర్పుతున్నామనే నెపంతో ఊరకే చాకిరీ చేయించుకుంటే అది దొంగతనమే.

ఆ తల్లి ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. సగం జవాబు ఉన్నది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం 18 ఏళ్ళు దాటిన మేధోవైకల్యం గలవారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించవచ్చు. జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే ఆ పని చేయడం మంచిది. ఆమె, ఆమె తమ్ముడు కలిసి ఆ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. మిగతా సగం చట్టంలో దొరకదు. పొద్దున అతను రాకపోతే "ఏమయింది, ఇవాళ రాలేదే?" అని అడిగేవారు పదిమంది ఊళ్ళో ఉండాలి. అది బాటన్ పల్లెలో ఉన్నది. మన పల్లెలో కూడా ఉండాలి.

బాలలూ, ఇక మీ వంతు. మీ వీధిలో ఇటువంటి అన్నయ్యో, అక్కయ్యో ఉంటే వెక్కిరించకండి. జాలిచూపు కూడా వద్దు. ఒక మాట ఒకసారి చెప్పి, జవాబుకోసం మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. ఆటలో ఒక వంతు ఇవ్వండి. వారి చేతులు ఏ పనిమీద నిలుస్తున్నాయో గమనించండి. నేను పంతులునై ఉండి కూడా పాతికేళ్ళు గమనించలేకపోయాను. మీరు అంత ఆలస్యం చేయకండి.

అన్నట్టు, మా వీధిలో ఒక మార్పు వచ్చింది. కొర్రలు ఇంటింటికీ తలా సోలెడు పంచినప్పటినుంచి, కొందరు అతన్ని "చిన్నోడా" అనడం మానేసి అసలు పేరుతో పిలుస్తున్నారు. నేనూ అలాగే పిలుస్తున్నాను. పిలవగానే తిరిగి చూస్తాడు.